ఫోటోలో పడని నలభై అడుగులు

నేను ముప్పైమూడేళ్లు మట్టికట్టలు కట్టించాను. అందులో ఎక్కువ భాగం అనంతపురం జిల్లాలోనే. వాన ఎప్పుడొస్తుందో తెలియని చోట, వచ్చిన కాస్త వానా వాగుల్లో వంకల్లో పడి పారిపోకుండా ఆపడానికి చిన్నచిన్న చెరువులు, ఊటకుంటలు కట్టడం మా పని.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. సెల్‌ఫోన్ తెరిచి, ఎక్కడో ఎనభై కిలోమీటర్ల అవతల జరుగుతున్న పనిని మా వరండాలో కూర్చునే నాకు చూపించింది. ఏ పూట ఎంత కాంక్రీటు పోశారో, ఎంతమంది పనికి వచ్చారో, ఫోటోలతో సహా అన్నీ అందులో ఉన్నాయి. "మీ కాలంలో ఇలాంటివి లేవు కదా సార్" అంది. ఉండేవమ్మా అన్నాను. మర్యాద కొద్దీ ఊరుకుంది కానీ నమ్మలేదు. ఆ రోజు ఆమెకు చెప్పిన సంగతినే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల గొడవలు ఎవరికీ పనికిరావు కనుక వాటిని వదిలేశాను.

మీరు యాడుండి రాసినారు?

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

తొంభైల చివరలో నా చేతికింద ఒకేసారి ఆరేడు పనులు నడిచేవి. ఒకటి గుత్తి వైపు, ఒకటి పుట్టపర్తి వైపు, మరొకటి ఇంకో మూల. జీపు ఒకటే. ప్రతి పని దగ్గరా సైట్ డైరీ అని ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. రోజూ ఏ పని జరిగిందో అందులో అక్కడి ఇంజనీరు రాయాలి, దాన్ని నేను చూసి సంతకం పెట్టాలి. వారానికోసారి ఆ పుస్తకాలన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. వారం రోజుల రాతా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో ఉండేది. ఒక్క కూర్చోవడంలో రాశారని చూస్తేనే తెలిసిపోయేది. తెలిసినా సంతకం పెట్టేవాణ్ని.

అలా సంతకం పెట్టిన ఒక కట్ట మొదటి వానకే ఒక పక్క కోసుకుపోయింది. ప్రాణనష్టం జరగలేదు. కానీ కింద ఓబుళేసు అనే రైతు చేను ఉంది. వేరుశనగ మీద మోకాలి లోతున ఇసుక పేరుకుంది. నేను వెళ్లేసరికి ఆయన ఆ ఇసుకలో నిలబడి ఉన్నాడు. కేకలేస్తాడని, తిడతాడని మనసును సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన తిట్టలేదు.

"పుస్తకం తెచ్చినారా సార్?" అని అడిగాడు.

జీపులో ఉందన్నాను.

"తెప్పిచ్చండి. ఏం రాసినారో సదివి ఇనిపిచ్చండి. నాకు సదువు రాదు."

ఎందుకో కాదనలేకపోయాను. తెప్పించి చదివాను. మూడవ పొర, నీరు చల్లి రోలర్ ఎనిమిది మార్లు తిప్పడమైనది. నాలుగవ పొర, నీరు చల్లి రోలర్ ఎనిమిది మార్లు తిప్పడమైనది. అయిదవ పొరా అంతే. ఆయన ఇసుక మీద గొంతుక్కూర్చుని శ్రద్ధగా విన్నాడు. పదో పొర దగ్గర నేనే ఆపేశాను.

"శానా బాగా రాసినారు సార్. మీరు యాడుండి రాసినారు?" అన్నాడు.

ఆ తర్వాత నేను చదివిన ఏ పుస్తకమూ ఆ ఒక్క ప్రశ్న నేర్పినంత నేర్పలేదు. అయినా దానికి జవాబు నాకు వెంటనే దొరకలేదు. ఏడు చోట్ల ఏకకాలంలో ఉండడం ఎవరి వల్లా కాదు కదా.

మూడు తెల్లరాళ్లు

రెండువేల సంవత్సరం దాటాక మాకు కొత్తగా సూపరింటెండింగ్ ఇంజనీరు వచ్చారు. వసుంధర గారు. కోస్తా వైపు ఆమె. ఈ ఎండకు ఆరునెలలు కూడా ఉండరని ఆఫీసులో అనుకున్నారు. నేను చూసిన పై అధికారుల్లో చాలామంది రెండు రకాలు. కొందరు ఏమీ అడగరు. కొందరు అన్నీ అడుగుతారు కానీ జవాబు వినరు. వసుంధర గారు తక్కువ అడిగేవారు, జవాబు పూర్తయ్యేదాకా మన మొహంలోకి చూస్తూ ఉండేవారు. అందుకే ఆమె అంటే అందరికీ కొంచెం భయం.

ఆమె తెప్పించిన కెమెరా అప్పట్లో మాకొక వింత. ఇటుకంత లావు ఉండేది. రీలు ఉండదు. పక్కన ఒక మూత తెరిచి కంప్యూటర్ ఫ్లాపీ దోపాలి. ఫోటో నేరుగా ఆ ఫ్లాపీ మీద పడుతుంది. కడిగించే పని లేదు. అలాంటివి రెండు కెమెరాలు వచ్చాయి. ఒకటి నా పనుల్లో అన్నిటికంటే దూరమైన గొర్లదొడ్డికి ఇచ్చారు. రాయదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే, రెండు రాతిగుట్టల మధ్య ఉన్న చిన్న ఊరది. గొర్రెలు మేపుకునేవాళ్ల ఇళ్లు ముప్పై, నలభై. ఊరికి ఎగువన, గుట్టకూ గుట్టకూ మధ్య వంకకు అడ్డంగా మా కట్ట. కట్ట తెగితే నీళ్లు పోయేది ఆ ఇళ్ల మీదికే.

మేడమ్ పెట్టిన పద్ధతి ఇది. సైటులో మూడు చోట్ల రాళ్లు పాతి సున్నం కొట్టాలి. రోజూ సాయంత్రం ఆ మూడు రాళ్ల మీదే నిలబడి, ఎప్పుడూ కట్ట వైపే చూస్తూ, మూడు ఫోటోలు తీయాలి. ఆ రోజు డైరీ అక్కడే రాయాలి. ఫ్లాపీని ఆఖరి బస్సు కండక్టరుకిస్తే రాయదుర్గం చేరుతుంది. అక్కడినుంచి ఈ-మెయిల్‌లో అనంతపురం వస్తుంది. డైరీ కంప్యూటర్లో టైపు చేయాలన్నారు కానీ గొర్లదొడ్డిలో కంప్యూటర్ ఎక్కడిది? కరెంటే పూటకు నాలుగుసార్లు పోయేది.

దీనికి దారి కనిపెట్టినవాడు తిప్పేస్వామి. ఆ సైటులో వర్క్ ఇన్‌స్పెక్టరు. యాభై దాటిన మనిషి. ఏడో తరగతి దాకా చదివాడు. చిన్నప్పుడు తండ్రితో కలిసి బావులు తవ్వినవాడు. మన్ను గుప్పిట్లో పట్టుకుని నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది కట్ట నడుమకు పనికొస్తుందో రాదో చెప్పేవాడు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు ఉండేది. కెమెరా అతని చేతికిచ్చినప్పుడు దాన్ని తిప్పితిప్పి చూసి, "దీనికేమన్నా అయితే నా ఉద్యోగం పాయెనా సార్?" అని అడిగాడు. ఏమీ కాదులే అన్నాను.

అతను డైరీని ఎప్పటిలా నోటు పుస్తకంలో తెలుగులో రాసి, ఆ పేజీని కూడా ఫోటో తీసి పంపడం మొదలుపెట్టాడు. మేడమ్ అది చూసి, "ఈ మాట మనకెవరికీ తట్టలేదేం?" అన్నారు.

రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకు దారం, గుండీలు అమ్మే శెట్టిగారు ఒకాయన దుకాణం వెనక గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. ఫ్లాపీలోని ఫోటోలు పంపేది ఆయనే. టెలిఫోన్ లైను మీద ఒక్కో ఫోటో పోవడానికి నిమిషాలు పట్టేది. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటినుంచి పంపాలి. ఒకరోజు ఆయన ఫోన్ చేసి, "సార్, మీ కట్ట సగమే పోయింది. లైను కట్టయింది. మిగిలిన సగం పొద్దున్నే పంపుతా, ఏమనుకోవద్దండి" అన్నాడు. ఆఫీసులో అందరం ఆ మాట చెప్పుకుని చాలా రోజులు నవ్వుకున్నాం.

కట్ట పెరిగింది

ఇప్పటి పిల్లలకు ఇది చెప్తే వింతగా ఉంటుంది. ఫోటో రావడం నాకు ఆశ్చర్యం కాదు. ఫోటోలు అంతకుముందూ చూశాను. నెల రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం జరిగింది వేరు.

రెండో రాయి మీదనుంచి తీసిన ఫోటోలన్నీ వరుసగా ఒక ఫోల్డర్‌లో పెట్టాను. మొదటిది తెరిచి, బాణం గుర్తు ఉన్న మీట నొక్కుతూ పోయాను. రాయి అదే, గుట్ట అదే, గుట్ట మీద మూడు పెద్ద రాతిగుండ్లు అవే. వాటి ముందు భూమి మెల్లగా లేస్తోంది. మొదట ఒక గీతలా ఉంది. తర్వాత గట్టంత. ఆ తర్వాత మనిషి నడుమెత్తు. బుట్టలు మోసే ఆడవాళ్లు ఒక ఫోటోలో కట్ట కింద ఉన్నారు, ఇంకో ఫోటోలో కట్ట మీద ఉన్నారు. నీళ్లు మోసే గాడిదలు వచ్చాయి, పోయాయి. వెనకాల ఎండ రంగు మారింది. నెల రోజుల చెమట నా వేలికింద అర నిమిషంలో జరిగిపోయింది.

నా సర్వీసు మొత్తంలో నేను కట్టలు మొదలవడం చూశాను, పూర్తవడం చూశాను. పెరగడం ఎప్పుడూ చూడలేదు. ఎవరు చూస్తారు? రోజూ అక్కడే ఉండేవాడికి పెరుగుదల కనిపించదు, ఎప్పుడో వచ్చేవాడికి మధ్య రోజులు కనిపించవు. మళ్లీ మొదటికి వెళ్లి మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో గుర్తులేదు. అటెండరును పిలిచి చూపించాను. పక్క సెక్షన్ వాళ్లను పిలిచి చూపించాను. మేడమ్ కూడా వచ్చి నిలబడి చూశారు.

అంతా చూసి ఆమె ఒక్కటే అడిగారు. "ఫోటోలు బాగా నచ్చుతున్నాయి మీకు. డైరీ చదువుతున్నారా?"

చదువుతున్నానండీ అన్నాను. అది అబద్ధం. పేజీ ఫోటోలు మసగ్గా ఉండేవి. పెద్దవి చేసి, కళ్లు చికిలించుకుని, అతని గొలుసుకట్టు రాత కూడబలుక్కోవాలి. కట్ట కళ్లెదుట కనిపిస్తుంటే ఆ శ్రమ ఎందుకనిపించింది. ఎర్ర అట్ట పుస్తకాన్ని చదవకుండా సంతకం పెట్టిన మనిషినే, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అంతే తేడా.

గొడుగు

ఆ రోజుల్లోనే గొర్లదొడ్డి కాంట్రాక్టరు అనంతపురం వచ్చాడు. మాటకారి. పని వేగంగా చేయిస్తాడని పేరు.

"సార్, మీ తిప్పేస్వామితో వేగలేకపోతున్నాం. మన్ను వేస్తే ఒక మాట, నీళ్లు సల్లితే ఒక మాట. రోలర్ డ్రైవరును యెనక్కి పిలిపిస్తాండాడు. వానలొచ్చేలోపల ముగిచ్చమంటారు మీరు. ఎట్ల ముగిచ్చల్ల సార్?"

ఫోటోల్లో కట్ట నున్నగా, తీరుగా ఉంది. నా కళ్లతో రోజూ చూస్తున్నాను. ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి తిప్పేస్వామిని పిలిపించాను.

"ఏమప్పా, పని ఆపుతున్నావంట?"

"ఆపలేదు సార్. ఎడమ పక్క గుట్ట కాడ రోలర్ తిప్పడంలేదు. అందుకే..."

"నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నీ పని ఫోటోలు తీయడం. రోలర్ ఎట్లా తిప్పాలో చెప్పడం కాదు" అన్నాను. గొంతు పెంచే అన్నాను. బూత్‌లో ఉన్నవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.

"అట్లే సార్" అని ఫోన్ పెట్టేశాడు.

మరుసటి రోజునుంచి మూడు ఫోటోలకు బదులు నాలుగు రావడం మొదలైంది. నాలుగోదాంట్లో కట్ట లేదు, గుట్ట లేదు. వట్టి మన్నులో దిగేసిన నల్ల గొడుగు. పొరపాటున నొక్కాడనుకున్నాను. రెండో రోజూ గొడుగే. కోపం తీర్చుకుంటున్నాడనుకుని నాకు చిరాకు వేసింది. మూడో రోజు, నాలుగో రోజు. వారం అయ్యేసరికి ఏడు గొడుగులు.

ఏడో రోజు ఊరికే చేయి పోయి బాణం మీట నొక్కాను. గొడుగు భూమిలోకి దిగిపోతోంది.

మొదటి ఫోటోలో గొడుగు మొన మాత్రమే మన్నులో ఉంది. రెండోదాంట్లో జానెడు దిగింది. తర్వాత మూరెడు. ఏడో ఫోటోలో వంపు తిరిగిన పిడి ఒక్కటే మన్ను మీద మిగిలింది. వెనక ఉన్న రాళ్లను చూస్తే తెలిసింది, అతను రోజుకు కొన్ని అడుగుల చొప్పున గుట్ట వైపు జరుగుతున్నాడు. బాగా నీళ్లు చల్లి, రోలర్‌తో తొక్కించిన కట్టలో గొడుగు మొన కూడా దిగదు. ఇక్కడ గొడుగు గొడుగంతా దిగింది.

డైరీ పేజీ తెరిచి, అక్షరాలు కనబడేదాకా పెద్దది చేశాను.

"గొడుగు నాదే. చేత్తోనే నొక్కినా. సుత్తితో కొట్టలేదు. ఈ నలభై అడుగులు మూడు రాళ్ల ఫోటోల్లో యాడా పడదు. పెద్ద గుండు అడ్డముండాది. అది కాంట్రాక్టరుకు తెలుసు. నా పని ఫోటోలు తీసేది కాబట్టి తీసినాను. సార్ వచ్చి చూడవలె."

వెనక్కి వెళ్లి పాత పేజీలన్నీ ఒక్కొక్కటే చదివాను. మూడు వారాలుగా అతను ఇదే రాస్తున్నాడు. "ఎడమ పక్క రోలర్ తిప్పలేదు. చెప్పినా. వినలేదు." ఫోటో మసగ్గా ఉందే కానీ మాట మసగ్గా లేదు.

మేడమ్ గదిలోకి వెళ్లి రెండూ చెప్పాను. కట్ట సంగతీ, నేను అబద్ధం చెప్పిన సంగతీ. ఆమె అరవలేదు. జీపు తీయించమన్నారు.

కోత

గొర్లదొడ్డి చేరేసరికి ఎండ నెత్తిన ఉంది. తిప్పేస్వామి కట్ట మీద నిలబడి ఉన్నాడు. కాంట్రాక్టరు మా కంటే ముందే వచ్చి ఉన్నాడు.

నేను నేరుగా తిప్పేస్వామి దగ్గరికి వెళ్లాను. అందరూ వింటుండగానే, "తప్పు నాదప్పా" అన్నాను.

"అవును సార్, తప్పే" అన్నాడతను. "ఆ మాట పక్కన పెట్టి ముందు గునపాలు తెప్పిచ్చండి."

గుండు వెనక తవ్వించాం. పైన జానెడు మందం మాత్రం మెత్తటి మన్ను నున్నగా పరిచి ఉంది. దాని కింద ఎండు పెళ్లలు, రాళ్లు, వేళ్లతో సహా కంపచెట్ల మొదళ్లు. పెళ్లల మధ్య సందులోకి నా చేయి మోచేతి దాకా పోయింది. వంకలో నీళ్లు నిలిస్తే మొదట అవి వెతుక్కునే దారి ఇదే. అక్కడినుంచి కిందికి చూస్తే ఊళ్లో ఇళ్లు, దొడ్లో కట్టేసిన గొర్రెపిల్లలు, గడప ముందు కూర్చుని కంబళి నేస్తున్న ఒక ముసలావిడ, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"గుట్ట కాడ రోలర్ తిరగను జాగా సాల్దు మేడమ్. పైన ఇంకో పొర మందంగా ఏపిస్తే సరిపోతాది" అన్నాడు కాంట్రాక్టరు.

తిప్పేస్వామి తల అడ్డంగా ఊపాడు. "సాల్దమ్మా. అడుక్కంటా తీసి మళ్ల కట్టల్ల. రోలర్ పోకుంటే మనుషుల్తో దిమ్మిస కొట్టియ్యొచ్చు. మా నాయనోళ్లు రోలర్లు చూసే కట్టినారా?"

మేడమ్ నా వైపు తిరిగారు. "వానలు రావడానికి నెల కూడా లేదు. ఇప్పుడు కోస్తే, పూడ్చేలోపు వాన వస్తే, ఉన్న కట్ట కూడా పోతుంది. కోయకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. పని మీది. ఏమంటారు?"

నా ఉద్యోగంలో అంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. అంత గౌరవంగా కూడా ఎవరూ అడగలేదు. "కోద్దామండీ" అన్నాను.

కడుతున్న కట్టను చేతులారా కోయించడం ఎలా ఉంటుందో చేసినవాడికే తెలుసు. నలభై అడుగులు అడుగుదాకా తీయించాం. కాంట్రాక్టరు మొదట మొండికేశాడు. మేడమ్ గొడుగు ఫోటోలు ఏడూ కాగితాల మీద అచ్చు వేయించి అతని ముందు పరిచాక మాట మాని మనుషుల్ని పెంచాడు. గొర్లదొడ్డి ఆడవాళ్లూ మగవాళ్లూ గొర్రెల్ని పిల్లలకప్పగించి మన్ను దంచే దిమ్మిసలు పట్టారు. జానెడు మన్ను, నీళ్లు, దిమ్మిస. మళ్లీ జానెడు మన్ను.

ప్రతి పొర మీదా తిప్పేస్వామి గొడుగు పెట్టి తన బరువంతా వేసి నొక్కేవాడు. దిగితే ఆ పొర తీసేయాల్సిందే. గుండు అవతల తనే ఒక నాలుగో రాయి పాతి సున్నం కొట్టాడు. సాయంత్రం కాగానే ఆ రాయి మీదనుంచి ఫోటో వచ్చేది. ఇప్పుడు నేను ముందు డైరీ చదివేవాణ్ని, తర్వాతే ఫోటో చూసేవాణ్ని. ఫోటోల్లో కోత రోజుకింత పూడుతోంది. దాని పైన ఆకాశంలో మబ్బు రోజుకింత పెరుగుతోంది. ఏళ్ల తరబడి మబ్బు కోసం మొక్కుకున్న జిల్లాలో, ఇంకో పది రోజులు ఆగు తల్లీ అని నేనొక్కణ్నే వేడుకున్నాను.

ఆఖరి పొర పడిన రోజు డైరీలో ఇలా ఉంది. "గొడుగు వంగిపాయె. మన్ను వంగలేదు."

నీళ్లు

ఆఖరి పొర పడిన అయిదో రోజున వాన వచ్చింది. మధ్యాహ్నం అనంతపురంలో మొదలైంది. ఆఫీసు గుమస్తాలు పిల్లల్లాగా వరండాలోకి పరుగెత్తి చేతులు చాపారు. రాయదుర్గం వైపు ఇంకా గట్టిగా పడుతోందని బస్సులవాళ్లు చెప్పారు. గొర్లదొడ్డి బూత్‌కు ఫోన్ చేస్తే మోగలేదు. జీపులో బయలుదేరాను. దారిలో వంక రోడ్డు మీదికెక్కి పారుతోంది. అవతలి గట్టు కనిపిస్తోంది కానీ దాటలేం. వెనక్కి తిరిగాం.

మరునాడంతా ఏ కబురూ లేదు. నేను లెక్క కట్టినవి, సంతకాలు పెట్టినవి అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కోసి కట్టిన చోట కొత్త మన్నుకూ పాత మన్నుకూ అతుకు పడిందా? ఆ అతుకులోంచి నీళ్లు దూరితే?

ఆ తర్వాతి రోజు ఉదయం పదకొండు గంటలకు శెట్టిగారు ఫోన్ చేశాడు. "సార్, తిప్పేస్వామి తానే వచ్చినాడు. బస్సులు లేవు కదా, నడిచొచ్చినాడు. ఫ్లాపీలు పంచెలో సుట్టి నెత్తిన పెట్టుకోని వంక దాటినాడంట."

"కట్ట?" అన్నాను.

లైను తెగిపోయింది.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మేడమ్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. మెయిల్ వచ్చింది. ఆ రోజుల్లో ఫోటో ఒక్కసారిగా తెరుచుకునేది కాదు. పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా దిగేది. మొదట ఆకాశం, కడిగినట్టు. తర్వాత గుట్ట కొన. అది నాలుగో రాయి మీదనుంచి తీసిన ఫోటో అని గుండును బట్టి తెలిసింది. ఇంకో నాలుగు గీతలు. కట్ట తల కనిపించింది. ఎడమ చివరినుంచి కుడి చివరిదాకా ఒకే గీత. ఎక్కడా విరగలేదు. ఇంకా దిగింది. కట్టకు ఇవతల, ఎప్పుడూ ఎర్ర మన్నే కనిపించిన చోట, ఆకాశం మళ్లీ మొదలైంది. అది ఆకాశం కాదని, నీళ్లలో పడిన దాని నీడ అని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

మేడమ్ నా కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నారు.

మొత్తం ఇరవై పైగా ఫోటోలు. వాన మొదలైన మధ్యాహ్నంనుంచి వెలుతురు ఉన్నంతసేపూ, మళ్లీ తెల్లవారినప్పటినుంచీ, అదే రాయి మీద నిలబడి తీశాడు. తర్వాత బాణం మీట నొక్కి చూశాను. ఈసారి పెరిగింది కట్ట కాదు. గుట్టల మధ్య ఎర్రనీళ్లు బెత్తెడు బెత్తెడుగా లేచి, మేం కోసి కట్టిన నలభై అడుగులకు ఆనుకున్నాయి, ఇంకా లేచాయి, ఆగాయి. కుడి పక్క, ఎక్కువైన నీళ్లు పోవడానికి కట్టిన అలుగు మీదనుంచి తెల్లగా పొర్లి వంకలోకి దిగాయి. నా సర్వీసులో ఆ వంకలో అంత నీరు నేను చూడలేదు. దగ్గర నిలబడి చూసినా అంత బాగా చూసేవాణ్ని కానేమో.

ఉద్యోగంలోకి వచ్చే మీకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ చేతుల్లో ఇప్పుడు మాకంటే వెయ్యిరెట్లు మంచి కెమెరాలున్నాయి. అవి చూపించేది ఎటు తిప్పితే అటే. అవి చూడని చోట నిలబడిన మనిషి ఏమంటున్నాడో వినండి. అతని రాత గొలుసుకట్టైనా, మసకైనా, పెద్దది చేసి చదవండి.

ఆ రోజు ఆఖరున వచ్చింది డైరీ పేజీ. తడి చేత్తో రాసినట్టున్నాడు, సిరా అక్కడక్కడా అలుక్కుపోయింది. రెండే వరుసలు.

"ఈ పొద్దు పని ఏమీ లేదు. ఊరంతా కట్ట మీదికి వచ్చినారు. నీళ్లు చూసినాము."